నెర్హాలో సముద్రతీర సెలవు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెర్హా స్పెయిన్ దక్షిణ తీరంలో, మాలగా జిల్లా తూర్పు కొసన ఉన్న చిన్న ఊరు. జనాభా ఇరవై వేల పైచిలుకు. వెనక అల్మిహారా కొండలు, ముందు మధ్యధరా సముద్రం, మధ్యలో తెల్లసున్నం ఇళ్లు. ఇండియా నుంచి వెళ్లేవారికీ, యూరప్‌లోనే ఉంటూ వారం సెలవు పెట్టుకునే తెలుగువాళ్లకూ సాధారణంగా వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలున్నాయి. ధరలు ఏటా మారతాయి, వాటిని అంచనాగానే తీసుకోండి.

ఈ తీరంలో తోరెమోలినోస్ లాంటి పెద్ద ఊళ్లుండగా నెర్హాయే ఎందుకు?

తోరెమోలినోస్‌లో పదంతస్తుల హోటళ్లు, కిలోమీటర్ల కొద్దీ ఇసుక, విమానాశ్రయం నుంచి నేరుగా లోకల్ రైలు ఉన్నాయి. నెర్హాలో ఈ మూడూ లేవు. ఇక్కడ ఊరు కొండచరియ మీద ఉంటుంది, దాని కింద చిన్న చిన్న బీచ్‌లు ఉంటాయి. సాయంత్రం జనమంతా 'బాల్కోన్ దె ఎవురోపా', అంటే యూరప్ బాల్కనీ అనే రాతి చప్టా మీదికి చేరి సముద్రం చూస్తారు. 1884 డిసెంబరు 25న వచ్చిన భూకంపం తర్వాత నష్టాన్ని చూడడానికి వచ్చిన రాజు 12వ అల్ఫోన్సో ఈ పేరు పెట్టాడని చెప్తారు. ఆయన కంచు విగ్రహం అక్కడే రెయిలింగుకు ఆనుకుని నిలబడి ఉంటుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తూ, రోజంతా ఇసుక మీదే గడపాలనుకుంటే మాత్రం తోరెమోలినోసే మేలు. నెర్హాలో ఏ బీచ్‌కి వెళ్లాలన్నా మెట్లో, ఏటవాలు దారో తప్పదు.

ఏ నెలలో వెళ్లాలి? పిల్లలకు ఎండాకాలం సెలవులు మేలోనే కదా?

ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. మేలో నెర్హాలో ఎండ హాయిగా ఉంటుంది, పగలు 23-25 డిగ్రీలు. సముద్రం మాత్రం 17-18 డిగ్రీలు. విశాఖ, బాపట్ల తీరాల వెచ్చని నీళ్లకు అలవాటైన పిల్లలు పాదం పెట్టగానే వెనక్కి పరుగెత్తుతారు. కొండదారులు నడవడానికి, నెర్హా గుహ, గ్రనాడా నగరం చూడడానికి మే బాగుంటుంది. ఈతకు కాదు.

జులై, ఆగస్టుల్లో నీళ్లు 22-23 డిగ్రీలకు చేరతాయి, పగటి వేడి 30 దగ్గరుంటుంది. కానీ స్పెయిన్‌లో సగం జనం అప్పుడే సెలవు పెడతారు. అద్దెలు రెట్టింపవుతాయి, ఉదయం పదిన్నర దాటితే బీచ్‌లో గొడుగు పాతే జాగా ఉండదు.

మా లెక్కలో అన్నిటికన్నా మంచి సమయం దసరా సెలవులు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వేసవంతా కాగిన నీళ్లు ఇంకా 21-22 డిగ్రీల దగ్గరే ఉంటాయి. గుంపు తగ్గుతుంది, గదుల రేట్లు దిగుతాయి. పైగా ఈ ప్రాంతంలో మామిడిపండ్లు వచ్చేది అప్పుడే. నెర్హా చుట్టూ ఉన్న అక్సార్కియా ప్రాంతపు కొండవాలుల్లో మామిడి, అవకాడో తోటలున్నాయి, కోత సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సాగుతుంది. ఎక్కువగా దొరికేది ఓస్టీన్ రకం. బంగినపల్లితో పోల్చకండి గానీ పీచు లేకుండా తియ్యగా ఉంటుంది. అక్టోబరు 8-12 తేదీల చుట్టూ నెర్హా తిరునాళ్లు కూడా జరుగుతాయి. ఆ నాలుగైదు రోజులు రాత్రి రెండింటి దాకా పాటలు మోగుతాయి. నిద్ర ముఖ్యమైతే తిరునాళ్ల మైదానానికి దూరంగా గది తీసుకోండి. అక్టోబరులో అప్పుడప్పుడు గట్టి వాన పడుతుంది, ఒకటి రెండు రోజుల్లో తెరిపిస్తుంది.

నవంబరు నుంచి మార్చి దాకా పగలు 16-19 డిగ్రీలు. చలిదేశాల పెన్షనర్లతో ఊరు నిండి ఉంటుంది గానీ, పిల్లలతో వచ్చేవారికి అది కాలం కాదు.

నిన్న వెచ్చగా ఉన్న నీళ్లు ఇవాళ చల్లబడ్డాయి. ఎందుకు?

గాలి మారింది. ఈ తీరంలో సెలవు ఎలా గడుస్తుందో ఉష్ణోగ్రత కన్నా గాలే ఎక్కువగా నిర్ణయిస్తుంది. జిబ్రాల్టర్ జలసంధి గుండా అట్లాంటిక్ నీళ్లు ఇటు వస్తుంటాయి కాబట్టి, మధ్యధరాలో మిగతా చోట్లకన్నా ఇక్కడ సముద్రం చల్లగానే ఉంటుంది. దానికితోడు పడమటి గాలి వీస్తే పైనున్న వెచ్చని నీళ్లు ఒడ్డు నుంచి దూరంగా నెట్టుకుపోతాయి, అడుగున ఉన్న చల్లని నీళ్లు పైకొస్తాయి. ఒక్క రాత్రిలో నాలుగైదు డిగ్రీలు పడిపోవడం మామూలే. ఈ పడమటి గాలిని 'పోనియెంతె' అంటారు.

తూర్పు గాలి 'లెవాంతె'. అది వీస్తే నీళ్లు వెచ్చగా ఉంటాయి గానీ అలలు లేస్తాయి, గాలిలో తేమ పెరుగుతుంది, జెల్లీ చేపలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. మూడోది 'తెర్రాల్', లోపలి నేల మీదుగా వచ్చే వడగాడ్పు. అది మాలగా నగరాన్ని బాగా వేధిస్తుంది. కాబట్టి ఉదయం ఫోన్‌లో ఎండ ఎంతో చూసి ఆగిపోకండి, గాలి దిక్కు కూడా చూడండి. పోనియెంతె రోజును గుహకో గ్రనాడాకో కేటాయిస్తే నష్టం ఉండదు.

ఇండియన్ పాస్‌పోర్టుకు వీసా ఎలా?

యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే చెల్లే షెంగెన్ వీసా కావాలి. స్పెయిన్ దరఖాస్తులను ఇండియాలో బీఎల్ఎస్ అనే సంస్థ కేంద్రాలు తీసుకుంటాయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అదనపు పరిశీలన ఉంటే 45 దాకా పోవచ్చు. అసలు ఆలస్యం అపాయింట్‌మెంటు దగ్గరే. దసరాకి వెళ్లాలంటే జూన్‌లోనే స్లాటు వెతకడం మొదలుపెట్టండి.

వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6-11 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్ల లోపు ఉచితం. కేంద్రం సర్వీసు చార్జీ వేరు. పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోల వైద్యానికి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి.

తిరస్కరణకు ఎక్కువగా దారితీసే తప్పులు ఇవి. బ్యాంకు ఖాతాలో దరఖాస్తుకు వారం ముందు హఠాత్తుగా లక్షలు జమ కావడం. హోటల్ బుకింగు తేదీలకూ విమానం తేదీలకూ పొంతన లేకపోవడం. పారిస్‌లో ఐదు రాత్రులు, నెర్హాలో మూడు రాత్రులు పెట్టుకుని స్పెయిన్‌కు దరఖాస్తు చేయడం. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి నోటరీ అంగీకార పత్రం తప్పనిసరి.

గడిచిన మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సరిగ్గా వాడుకున్నవారికి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్ నుంచి ఉంది. పాత వీసాల కాపీలు జతచేయడం మరవొద్దు.

జర్మనీ, ఇంగ్లండుల్లో ఉంటున్నవాళ్లకు?

జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి షెంగెన్ దేశాల రెసిడెన్స్ పర్మిట్ ఉంటే వేరే వీసా అక్కర్లేదు. పర్మిట్ కార్డు, పాస్‌పోర్టు రెండూ వెంట ఉంచుకోండి. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నా పాస్‌పోర్టు ఇండియాదైతే షెంగెన్ వీసా తప్పదు, అక్కడినుంచే దరఖాస్తు చేసుకోవాలి.

సరిహద్దు దగ్గర వేలిముద్రలు తీసుకుంటున్నారట?

అవును. 2025 అక్టోబరు 12న యూరప్ కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతి మొదలైంది. ముఖం ఫొటో తీస్తారు. వీసా తీసుకున్నవారి వేలిముద్రలు దరఖాస్తు అప్పుడే నమోదై ఉంటాయి కాబట్టి, వాటితో సరిచూస్తారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలుండవు. మీరు మొదట దిగిన షెంగెన్ విమానాశ్రయంలోనే ఇది జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి మాలగా వెళ్తుంటే మీ క్యూ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అన్నమాట. గంటన్నర వ్యవధి ఉన్న కనెక్షన్ కొనకండి, రెండున్నర గంటలైనా ఉంచండి. ఇస్తాంబుల్ మీదుగా వస్తే క్యూ మాలగాలోనే ఉంటుంది, తర్వాత పట్టుకోవాల్సిన విమానం లేదు కాబట్టి ఆందోళన తక్కువ.

మాలగా విమానాశ్రయం నుంచి నెర్హాకి ఎలా చేరాలి?

దూరం సుమారు 70 కిలోమీటర్లు. నెర్హాకి రైలు లేదు. బస్సులు ఆల్సా సంస్థవి. కొన్ని నేరుగా విమానాశ్రయం నుంచే బయల్దేరతాయి గానీ రోజుకు కొన్నే. ముందు వాటి వేళలు చూసి, కుదరకపోతే ఇలా వెళ్లండి.

టెర్మినల్ బయట లోకల్ రైలు స్టేషనుంటుంది. 'సెర్కానియాస్' అన్న బోర్డుల వెంట నడవండి. సీ1 లైనులో మాలగా వైపు వెళ్లే రైలెక్కి, ఆఖరి స్టేషను కన్నా ఒకటి ముందు వచ్చే 'మరియా సంబ్రానో'లో దిగండి. పది నిమిషాల ప్రయాణం. దిగాక పక్కనే బస్ స్టేషన్. అక్కడ నెర్హా బస్సెక్కాలి. టికెట్ ఐదు యూరోల చుట్టూ ఉంటుంది. ఫోన్‌లో కొంటే సీటు ఖాయం, ఆగస్టు శుక్రవారాల్లో అది అవసరం కూడా.

ఒకే చోటికి వెళ్లే బస్సులన్నీ ఒకటి కావు. హైవే మీద వెళ్లేది గంట, గంటంపావులో చేరుస్తుంది. తోర్రె దెల్ మార్, తోర్రోక్స్ లాంటి తీరపు ఊళ్లన్నీ ఆగుతూ వెళ్లేది గంటన్నర దాటిస్తుంది. టికెట్ కొనేటప్పుడు చేరే సమయం చూడండి. నెర్హాలో పెద్ద బస్టాండు లేదు. పెస్కియా అవెన్యూ మీద చిన్న బుకింగు గూడు, దాని ముందు స్టాపు, అంతే. అక్కడినుంచి యూరప్ బాల్కనీకి నడక పది పన్నెండు నిమిషాలు, చాలావరకు దిగుడే. తిరిగొచ్చేటప్పుడు అదే దారి ఎక్కుడవుతుంది, చక్రాల పెట్టెలతో ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోండి.

రాత్రి పదింటి తర్వాత దిగే విమానమైతే బస్సు మీద ఆశ పెట్టుకోవద్దు. టాక్సీకి 80-100 యూరోలు అవుతాయి. నలుగురైతే అదేమీ దుబారా కాదు.

కారు అద్దెకు తీసుకోవాలా?

నెర్హా, పక్కూరు ఫ్రిహిలియానా, నెర్హా గుహ వరకే అయితే వద్దు. ఊళ్లో ఇరుకు సందులు, నీలం గీతల దగ్గర డబ్బు కట్టే పార్కింగు, జులై-ఆగస్టుల్లో అదీ దొరకదు. లోపలి కొండ ఊళ్లు తిరగాలంటేనే కారు.

తీసుకుంటే ఇండియన్ లైసెన్సుతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది మీ ఊరి ఆర్‌టీఏ ఆఫీసులోనే, వీసా చూపించి తీసుకోవచ్చు, ఏడాది చెల్లుతుంది. డిపాజిట్ కోసం డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డు అడుగుతారు. భార్య కార్డు, భర్త లైసెన్సు అయితే కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. పెట్రోలు బంకులో 'గాసోలీనా' అంటే పెట్రోలు, 'గాసోలియో' అంటే డీజిల్. ఈ రెండు పేర్లూ కలగాపులగం చేసుకుని ఇంజన్ పాడుచేసుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. అద్దె బీమా దీనికి వర్తించదు. మాలగా-నెర్హా మధ్య ఏ-7 హైవేకి టోలు లేదు.

ఊళ్లో ఏ వైపు గది తీసుకోవాలి?

యూరప్ బాల్కనీకి ఐదారు వందల మీటర్ల లోపు ఉంటే అన్నీ నడకదూరంలో ఉంటాయి, కానీ రాత్రి హోటళ్ల సందడి వినిపిస్తుంది. బుర్రియానా వైపు తీసుకుంటే బీచ్ దగ్గర, ఊరు ఎగువన. పగలు రెండుసార్లు ఆ ఏటవాలు ఎక్కి దిగగలరా అని ముందే ఆలోచించుకోండి. ప్రభుత్వ పరదోర్ హోటల్లో దిగినవారికి చరియ పైనుంచి బుర్రియానా బీచ్‌కి లిఫ్టు ఉంది. పెద్దవాళ్లుంటే దాని ధరలో ఆ లిఫ్టు విలువ కూడా కలిపి లెక్క వేసుకోవచ్చు. పడమటి వైపు తోర్రెసియా, ప్లయాసో దగ్గర నేల చదునుగా ఉంటుంది, అద్దె కాస్త తక్కువ. పిల్లల తోపుడు బండితో వచ్చేవారికి మేం చెప్పేది ఇదే.

అపార్ట్‌మెంటు తీసుకుంటే ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరుందో లేదో చూడండి. నెర్హా ఉన్న అండలూసియా ప్రాంతంలో పర్యాటక ఇళ్లకు 'వీఎఫ్‌టీ' లేదా 'వీయూటీ', తర్వాత మాలగాకి 'ఎంఏ', ఆపైన అంకెలు ఉంటాయి. నంబరు లేని ఇల్లు చవగ్గా దొరికినా వద్దు. గొడవొస్తే మొరపెట్టుకునే దారి ఉండదు. యజమాని పాస్‌పోర్టు వివరాలు అడిగితే అనుమానించకండి, అతిథుల వివరాలు ప్రభుత్వానికి పంపడం చట్టం. కానీ పాస్‌పోర్టును వాళ్ల దగ్గర వదిలి రానక్కర్లేదు.

వంట చేసుకోవచ్చా? ఆవకాయ, నెయ్యి తీసుకెళ్లొచ్చా?

ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, కందిపప్పు ఫర్వాలేదు. నెయ్యి, పెరుగు, పాలకోవా, మాంసం పచ్చళ్లు తీసుకెళ్లకూడదు. యూరప్ బయటి పాల, మాంస పదార్థాలపై ప్రయాణికులకు నిషేధముంది. పచ్చి కరివేపాకు రెమ్మలు, మామిడిపండ్లు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరవు. కరివేపాకు పొడి చేసి పట్టుకెళ్లండి. పచ్చడి సీసాలు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, మూతకు ప్లాస్టిక్ చుట్టి, రెండు కవర్లలో. విమానంలో ఒత్తిడి మారి నూనె కారడం ఎంత మామూలంటే, సీసాను అంచుదాకా నింపొద్దని వేరే చెప్పక్కర్లేదు.

అక్కడి దుకాణాల్లో 'అర్రోస్ రెదోందో' అంటే పొట్టి బియ్యం, పాయెయా అనే స్పెయిన్ అన్నపు వంటకానికి వాడేది, ముద్దవుతుంది. 'అర్రోస్ లార్గో' లేదా బాస్మతి తీసుకోండి. ఎర్ర కందిపప్పుగా మనం పిలిచే మసూర్ 'లెంతెహా రోహా' పేరుతో దొరుకుతుంది. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద 'నతురాల్' అని ఉండి, 'అసుకరాదో' అని లేకుండా చూసుకోండి. రెండోదైతే చక్కెర కలిపినది. దాంతో పెరుగన్నం కలిపాక చేసేదేమీ ఉండదు.

అపార్ట్‌మెంటులో ఇండక్షన్ పొయ్యి ఉంటే అల్యూమినియం కుక్కర్ పనిచెయ్యదు. ఇండక్షన్ అడుగున్న స్టీలు గిన్నె పట్టుకెళ్లండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, రెండు గుండ్రటి పిన్నుల యూరప్ అడాప్టర్ కావాలి. కరెంటు 230 వోల్టులే కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

శాకాహారులకు బయట ఏం దొరుకుతుంది?

దొరుకుతుంది, కానీ అడిగే పద్ధతి తెలియాలి. 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అంటే చాలదు. వడ్డించేవాళ్ల దృష్టిలో 'కార్నె' అంటే మాంసపు ముక్క. హామ్ (ఉప్పు పెట్టిన పంది మాంసం), ట్యూనా చేప దాని కిందికి రావనుకుంటారు. అందుకే విడివిడిగా చెప్పాలి: 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్' (మాంసం, హామ్, చేప, ట్యూనా లేకుండా). 'సాండ్విచ్ వెహెతాల్' పేరు చూసి మోసపోకండి, అందులో ట్యూనా, గుడ్డు ఉండడం రివాజు. 'ఎన్సలాదా మిక్స్తా' సలాడ్ మీదా ట్యూనా వేస్తారు. కూరగాయల పాయెయాని ఏ రసంలో ఉడికించారో అడగాలి.

నిశ్చింతగా తినదగినవి: టమాటా చల్లచారు లాంటి గస్పాచో, బాదం, వెల్లుల్లి, రొట్టెతో చేసి ద్రాక్షపండ్లు వేసే అహోబ్లాంకో, ఇది మాలగా ప్రాంతపు ప్రత్యేకత, వేయించిన పద్రోన్ మిరపకాయలు, బంగాళాదుంపల బ్రావాస్. వీటన్నిటికన్నా మన నాలుకకు దగ్గరైనది 'బెరెంహేనాస్ కోన్ మియెల్ దె కాన్యా', వంకాయ ముక్కలు వేయించి పైన చెరకు పాకం పోస్తారు. ఆ పాకం పక్కూరు ఫ్రిహిలియానాలోనే తయారవుతుంది. యూరప్‌లో చెరకు పాకం తీసే మిల్లు ఇంకా నడుస్తున్నది అక్కడే. సీసా కొని తెచ్చుకుంటే దోసెల్లోకి బ్రహ్మాండంగా ఉంటుంది. వేపుళ్లకు చేపలు వేయించిన నూనెనే వాడారేమో పట్టింపున్నవాళ్లు అడగాలి. గుడ్డు తినేవారికి 'తోర్తియా దె పతాతాస్' (బంగాళాదుంపల ఆమ్లెట్టు) ఎక్కడైనా దొరుకుతుంది. సాల్మోరెహో (చిక్కటి టమాటా చల్లచారు) తీసుకుంటే పైన హామ్, గుడ్డు తరుగు వేయొద్దని ముందే చెప్పండి.

చేపలు తినేవాళ్లు బీచ్ హోటళ్ల ముందు ఇసుక నింపిన పాత పడవలో కట్టెల నిప్పు చూస్తారు. కవళ్లను పుల్లకు గుచ్చి అక్కడే కాలుస్తారు, దాన్ని 'ఎస్పెతో' అంటారు. మే నుంచి ఆగస్టు దాకా చేప కొవ్వుపట్టి రుచిగా ఉంటుంది. నెత్తళ్ల వేపుడు 'బోకెరోనెస్ ఫ్రీతోస్'.

మధ్యాహ్నం 'మెనూ దెల్ దీయా' అడిగితే రెండు వంటకాలు, రొట్టె, పానీయం, తీపి కలిపి 13-17 యూరోల్లో అయిపోతుంది. కుళాయి నీళ్లు తాగొచ్చు. 'అగ్వా దెల్ గ్రీఫో' అంటే ఉచితంగా ఇవ్వాలని 2022 నాటి చట్టం చెప్తుంది. టిప్పు మీ ఇష్టం.

ఏడింటికి డిన్నర్‌కి వెళ్తే వంటిల్లు తెరవలేదన్నారు. ఎందుకు?

అక్కడి గడియారం వేరు. మధ్యాహ్న భోజనం ఒకటిన్నర నుంచి నాలుగు, రాత్రి భోజనం ఎనిమిదిన్నర తర్వాత. జూన్ చివర్లో సూర్యుడు అస్తమించేదే రాత్రి 9:40కి. చిన్న దుకాణాలు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకూ మూసేస్తారు, ఆదివారం చాలావరకు తెరవరు. పాలు, రొట్టె శనివారమే కొనిపెట్టుకోండి. ఇండియా కన్నా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. కాబట్టి దిగిన మొదటి సాయంత్రం పిల్లలకు ఏడింటికే కళ్లు మూతలు పడతాయి. ఆ పూటకు ఏదో ఒకటి గదిలో ఉంచుకోవాలి.

ఏ బీచ్ ఎవరికి?

బుర్రియానా ఎనిమిది వందల మీటర్ల పొడవు. హోటళ్లు, షవర్లు, అద్దె పడకలు, లైఫ్‌గార్డులు అన్నీ ఉన్నాయి. కుటుంబాలకు మొదటి ఎంపిక. ఇసుక ముదురు బూడిద రంగు, గులకరాళ్లు కలిసి ఉంటుంది, మధ్యాహ్నం పాదాలు కాల్తాయి. రబ్బరు నీటి బూట్లు పది యూరోల్లో దొరుకుతాయి, మొదటిరోజే కొనండి. కలహోందా, ఎల్ సలోన్ బాల్కనీకి అటూ ఇటూ ఉన్న చిన్న మడుగుల్లాంటివి, ఫొటోలకు బాగుంటాయి. ప్లయాసో పొడవైనది, ఖాళీగా ఉంటుంది, నీడ తక్కువ. మారో అందమైనది, నీళ్లు అద్దంలా ఉంటాయి, కానీ దారి సన్నం. కారు లోపల సామాను కనిపించేలా వదిలితే అద్దాలు పగలగొట్టే దొంగలుంటారు.

ఇంకో మాట. ఆడవాళ్లు పైబట్ట లేకుండా ఎండ కాగడం అక్కడ మామూలు. కొంచెం తూర్పున ఉన్న కాంతర్రిహాన్ బీచ్ నగ్నంగా తిరిగేవారిది. పెద్దవాళ్లతో తెలియక అక్కడికి దిగితే ఇబ్బంది. ఎక్కడైనా ఇతరులు పడేలా ఫొటోలు తీయకండి.

చీర, సల్వార్‌లతో నీళ్లలోకి దిగొచ్చా?

బీచ్‌లో ఎవరూ ఏమీ అనరు. కానీ తడిసిన నూలుబట్ట బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, అల వస్తే లేవలేరు. పొడుగు చేతుల లైక్రా ఈతదుస్తులు బయల్దేరే ముందే కొనుక్కెళ్లండి. హోటల్ ఈతకొలనుల్లో నూలు బట్టలు ఒప్పుకోరు. మన చర్మం నల్లబడుతుందే తప్ప కాలదనుకోవడం పొరబాటు, నడివేసవిలో అక్కడి అతినీలలోహిత సూచీ 9-10కి చేరుతుంది.

జెండాలు, జెల్లీ చేపల సంగతి?

ఆకుపచ్చ జెండా ఉంటే ఈదొచ్చు, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే దిగొద్దు. ఎర్రజెండా ఉన్నప్పుడు మోకాలి లోతే కదా అని దిగకండి. ఈ తీరంలో నేల ఒక్కసారిగా లోతవుతుంది.

జెల్లీ చేప కుడితే చేయాల్సింది: సముద్రపు నీళ్లతోనే కడగాలి. మంచినీళ్లు పోస్తే చర్మం మీద మిగిలిన ముళ్ల సంచులు పగిలి మంట ఎక్కువవుతుంది. రుద్దకూడదు, ఇసుక పూయకూడదు. అంటుకున్న పోగుల్ని పట్టకారుతోనో ప్లాస్టిక్ కార్డు అంచుతోనో తీసేయాలి. ఐసును కవర్లో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టాలి. ఇక్కడ ఎక్కువగా కనిపించే ఊదారంగు రకానికి వెనిగర్ పనికిరాదు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.

నెర్హా గుహ చూడదగ్గదేనా?

తప్పకుండా. 1959 జనవరి 12న గబ్బిలాల కోసం వెళ్లిన ఐదుగురు కుర్రాళ్లకు ఇది కనబడింది, 1960 జూన్‌లో జనానికి తెరిచారు. లోపల 32 మీటర్ల ఎత్తున్న సున్నపురాతి స్తంభం ఉంది. బొర్రా గుహలు చూసినవారు ఇది కూడా అలాంటిదే అనుకుంటారు. పుట్టుక ఒకటే అయినా ఇక్కడి గదుల పరిమాణం వేరు. ఊరికి నాలుగు కిలోమీటర్ల లోపు, మారో పక్కన ఉంటుంది, బస్సుంది. టికెట్‌లో సమయం రాసి ఉంటుంది, వేసవిలో ముందే కొనండి. లోపల ఏడాది పొడవునా ఇరవై డిగ్రీల చుట్టూ, తేమ ఎక్కువ. నాలుగు వందలకు పైగా మెట్లున్నాయి, తడిగా ఉంటాయి, చెప్పులతో వెళ్లకండి. తోపుడు బండి కుదరదు. జనవరి 1న, మే 15న మూసేస్తారు. మే 15 సాన్ ఇసిద్రో పండగ, ఆ రోజు ఎడ్లబండ్లు, గుర్రాలతో ఊరేగింపు గుహ దాకా వెళ్తుంది. గుహ మూతైనా ఆ ఊరేగింపు చూడాల్సిందే.

చియార్ నదిలో నడవొచ్చా? కయాక్?

చియార్ నదిలో చీలమండ లోతు నీళ్లలో ఇరుకు లోయ గుండా నడిచే దారి పేరుపొందింది గానీ, కార్చిచ్చు భయంతో, జనం ఎక్కువై పాడవుతుందని మూసేస్తుంటారు. ఊరి టూరిజం ఆఫీసులో అడగకుండా బయల్దేరితే జరిమానా పడొచ్చు. కయాక్ బుర్రియానా నుంచి మారో జలపాతం దాకా గైడుతో తీసుకెళ్తారు, రెండు మూడు గంటలు పడుతుంది. ఉదయపు మొదటి బృందంలో వెళ్లండి, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది.

పక్కూళ్లు, గ్రనాడా?

ఫ్రిహిలియానా ఆరు కిలోమీటర్లు, బస్సులో ఇరవై నిమిషాలు. పాత మూరిష్ (అరబ్బుల కాలపు) పేట అంతా మెట్లే. సాయంత్రం ఐదు తర్వాత వెళ్తే ఎండా, టూరిస్టు బస్సులూ రెండూ తగ్గుతాయి.

గ్రనాడా సుమారు వంద కిలోమీటర్లు, బస్సులో రెండు గంటల పైన. అక్కడి అల్హంబ్రా కోట టికెట్టే అసలు చిక్కు. పేరు మీద ఇస్తారు, నస్రిద్ రాజప్రాసాదాల్లోకి వెళ్లే సమయం అందులో ఉంటుంది, అది దాటితే లోపలికి రానివ్వరు. వారాల ముందే అయిపోతాయి. వీసా చేతికొచ్చిన రోజే కొనండి. అసలు పాస్‌పోర్టు పట్టుకెళ్లాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకుంటారని నమ్ముకోవద్దు. బస్సు ఆలస్యమైతే తట్టుకునేలా మధ్యాహ్నం సమయం తీసుకోండి.

మాలగా నగరానికి ఒక పూట చాలు, పికాసో మ్యూజియం, అల్కసాబా కోట పక్కపక్కనే ఉంటాయి.

డబ్బు ఎంత, ఎలా తీసుకెళ్లాలి?

కార్డు దాదాపు అంతటా చెల్లుతుంది. బస్సుకూ, బీచ్ పడకలకూ యాభై వంద యూరోల చిల్లర చాలు. ఏటీఎంగానీ కార్డు మెషీన్‌గానీ 'రూపాయల్లో తీసుకోమంటారా, యూరోల్లోనా' అంటే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్ల మారకపు రేటు వర్తిస్తుంది, నాలుగైదు శాతం పోతుంది. బ్యాంకు గోడకున్న ఏటీఎం వాడండి, సందుల్లో దుకాణాల ముందుండే వాటిల్లో చార్జీ ఎక్కువ.

జబ్బు చేస్తే? పాస్‌పోర్టు పోతే?

ఆకుపచ్చ శిలువ గుర్తున్నది మందులషాపు. పారాసెటమాల్ కూడా అక్కడే దొరుకుతుంది, సూపర్‌మార్కెట్లో కాదు. రాత్రిపూట వంతులవారీగా ఒక షాపు తెరిచి ఉంటుంది, ఏదన్నది మిగతా షాపుల తలుపు మీద రాసి అంటిస్తారు. బీపీ, షుగర్ మందులు అట్టపెట్టెతో సహా, డాక్టరు చీటీతో పట్టుకెళ్లండి.

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు, దాన్ని 'దెనూన్సియా' అంటారు. ఆ కాగితం లేకపోతే బీమా రాదు, మాడ్రిడ్‌లోని భారత రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ పనీ ముందుకు సాగదు. మాలగా నుంచి మాడ్రిడ్‌కు హైస్పీడ్ రైల్లో మూడు గంటల లోపు. పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు మెయిల్లో ఉంచుకోండి, రెండు ఫొటోలు పర్సులో ఉంచుకోండి.

మొత్తం ఎన్ని రోజులు కేటాయించాలి?

నెర్హాకి ఐదు రాత్రులు. రెండు బీచ్ రోజులు, గుహకీ ఫ్రిహిలియానాకీ కలిపి ఒకటి, గ్రనాడాకి ఒకటి, ఇంకోటి గాలికి వదిలేయండి. ఎర్రజెండా ఎగిరిన రోజున దాన్ని వాడుకుంటారు. చివరి రాత్రి మాలగాలో ఉండాలా అంటే, తిరుగు విమానం ఉదయం పదింటిలోపు ఉంటేనే. ఆ వేళకు నెర్హా నుంచి బస్సు నమ్ముకుంటే విమానం తప్పిపోతుంది.